మూడో అద్దం

రాయి వచ్చి హాల్లో కుర్చీ ముందు పడింది. దాంతోపాటే కిటికీ అద్దం.

తల్లీ కూతుళ్లు కేకలు వేయలేదు. అలవాటైపోయింది. తల్లి చేట తెచ్చింది, కూతురు చీపురు తెచ్చింది.

ఆ ఇంటాయన బిల్డరు. మూడు వందల ఫ్లాట్లు కడతానని జనం దగ్గర డబ్బు కట్టించుకున్నాడు. పార్ట్‌నరు ఆ డబ్బుతో ఉడాయించాడు. పారిపోయినవాడు తిట్లకు అందడు కదా, అందరూ ఉన్నవాణ్ణే దొంగన్నారు. కేసు పెట్టారు.

అయినా ఆయన రోజూ ఆగిపోయిన బిల్డింగ్ దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. కళ్లెదుట ఉంటే ఎప్పటికైనా నమ్ముతారని పిచ్చి ఆశ.

మూడు వారాల కిందట అక్కడే, మెట్ల దగ్గర, ఎవరో ఇనుప చువ్వతో కొట్టి చంపేశారు.

‘మోసగాడి హత్య’ అని పేపర్లో వేశారు. పలకరించడానికి ఒక్క ప్రాణీ రాలేదు. చుట్టాలు ఫోన్లో గొంతు తగ్గించి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశారు.

“ఎవరిని అనుమానించమంటారమ్మా? మూడు వందల కొంపలు,” అని ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకున్నాడు.

తల్లికి ముద్ద దిగడం లేదు. చంపినవాడెవరో తెలియాలి. మా ఆయన ఒక్క రూపాయి దాచుకోలేదని వాడి మొహం మీద చెప్పాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే అద్దాలాయన వచ్చాడు.

ఆయన పోయాక మొదటి రాయి పడినప్పటి నుంచీ వస్తున్నాడు. అరవై దాటిన మనిషి. సైకిల్ వెనక గోనెపట్టాలో చుట్టిన అద్దం, జేబులో టేపు. “ఇటు పోతూ చూశానమ్మా, పగిలినట్టుంది,” అన్నాడు మొదటిరోజు. ఆ రోజే ఇంట్లో కిటికీలన్నీ కొలుచుకుని వెళ్లాడు.

డబ్బిస్తే “తర్వాత చూద్దాం లెండి,” అంటాడు. టీ వద్దంటాడు. మంచినీళ్లు కూడా ముట్టడు.

ఇది మూడో అద్దం. చట్రంలో మిగిలిన పెంకులన్నీ ఏరి, కొత్త అద్దం కూర్చోబెడుతూ గోడ మీది ఫోటో చూసి ఆగిపోయాడు.

“సారు ఆ రోజు అన్నం తిని వెళ్లారా అమ్మా?”

మూడు వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. తల్లికి ఏడుపు ఆగలేదు.

“లేదయ్యా. వచ్చి తింటానన్నారు. కూర మీద మూతపెట్టి కూర్చున్నాను. మూత తీసే పనే లేకుండా పోయింది.”

అద్దాలాయన చేతిలో పనిముట్టు కింద పెట్టేశాడు. కిటికీ చువ్వ పట్టుకుని చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు.

కూతురు ఇదంతా చూస్తూనే ఉంది. ఈ మధ్య ఎవరు మెత్తగా మాట్లాడినా ఆ పిల్లకు భయమే.

“రాయి సాయంత్రం పడుతుంది. తెల్లారేసరికి సరిగ్గా సరిపోయే అద్దంతో మీరు దిగుతారు,” అంది. “ఎవరు చెప్తున్నారు మీకు?”

“రోజూ ఇటే వస్తాను తల్లీ.”

“మీ షాపెక్కడ?”

“ఊరికి ఆ చివర.”

“మరి రోజూ ఇటు పనేంటి?”

అతను అద్దం కదలకుండా అంచులకు పెట్టే పుట్టీ ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

“నేను చెప్పనా? రాళ్లేయించేది మీరే. పనుల్లేని అద్దాలవాళ్లు చేసేదే ఇది. ఇప్పుడు వద్దు వద్దని, ఆఖర్న బిల్లు చేతిలో పెడతారు.”

“అలా అనకే, పెద్దాయన్ని,” అంది తల్లి.

“నువ్వూరుకో అమ్మా. నాన్న ఇలా నమ్మే కదా పోయింది.”

అద్దాలాయన అంచుల వెంట పుట్టీని బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చి పని ముగించాడు. పనిముట్లు సంచిలో వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

“మీకో మాట చెబ్దామనే వస్తున్నానమ్మా. వచ్చిన ప్రతిసారీ నోరు రావట్లేదు.”

“మీ మాటలు మాకొద్దు,” అంది కూతురు. “ఇంకోసారి గేటు తీశారంటే పోలీసుల్ని పిలుస్తాను.”

“నీకెందుకు తల్లీ ఆ శ్రమ,” అన్నాడు. సైకిల్ ఎక్కలేదు. తోసుకుంటూనే వీధి చివరిదాకా నడిచాడు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు స్వయంగా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“దొరికాడమ్మా. ఫ్లాటుకి కట్టి మునిగినవాడే. ఒప్పుకున్నాడు.”

తల్లి గోడకు ఆనుకుంది. “మీరే పట్టుకున్నారా బాబూ?”

“అబద్ధమెందుకు, మేం కాదు. వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. బడికి తెచ్చినట్టు చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఒక్కడే కొడుకట. నా సర్వీసులో అలాంటి తండ్రిని చూడలేదు.”

కూతురు మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

“ఆయన్ని ఒకసారి చూపించండి,” అంది తల్లి. “కాళ్లకు దండం పెట్టుకుంటాను.”

ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు.

“లేడమ్మా. కొడుకు సంతకం పెడుతుంటే బెంచీ మీదే ఒరిగిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. దారిలో నా చెయ్యి పట్టుకుని, మీకు చెప్పమని ఒక మాట చెప్పాడు. నాకైతే అర్థం కాలేదు.”

“ఏం చెప్పమన్నాడు?”

“హాల్లో కిటికీకి పుట్టీ ఇంకా ఆరలేదట, వారం దాకా రెక్క గట్టిగా వెయ్యొద్దని పాపతో చెప్పమన్నాడు.”