ఎక్కడి రాయి?

ఓడినవాళ్ళు బీన్స్ గిన్నె తోమాలి. అదీ పందెం.

న్యూ మెక్సికోలో హేమెజ్ కొండల రాళ్ళ అయస్కాంతగుణం చూసేవాళ్ళు ఏటా వేసవిలో కలుస్తారు. అగ్నిపర్వతం కుంగిపోయిన చోట పరుచుకున్న పచ్చిక మైదానంలో, ట్రక్కు వెనకతలుపు దించి దానిమీదే భోజనాలు. తిన్నాక ఒకరు ఊరూ పేరూ చెప్పకుండా రాయి పెడతారు. దాని కథ ఇంకొకరు చెప్పాలి. లావా చల్లారేటప్పుడు ఉత్తరం ఎటుందో రాయి గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని చదవడమే వీళ్ళ విద్య.

ప్రొఫెసర్ లైమన్ స్ట్రాండ్ ఇంతవరకూ గిన్నె తోమలేదు. ఆ మాట ఆయనే అందరికీ చెబుతుంటాడు. వినయం ఆయన ఇంటా వంటా లేదు.

ఈసారి రాళ్ళు పెట్టింది బెనీటా. వేరే యూనివర్సిటీ, మొగుడి ఇంటిపేరు. అందుకే ఆమె ఎలోయ్ చెల్లెలని స్ట్రాండ్‌కి తెలీదు. ఎలోయ్ ఆయన దగ్గర డ్రిల్లుతో రాతిముక్కలు తీసేవాడు, ప్రతి బెజ్జం పక్కనా తన నంబరు రాసేవాడు. ఇక్కడే పోయాడు.

"పని ఎగ్గొట్టి, తాగి చెట్టుకింద పడుకున్నాడు. చావు కోరి తెచ్చుకున్నాడు" అని విచారణలో ప్రమాణం చేసి మరీ చెప్పాడు స్ట్రాండ్. ఇప్పుడీ ట్రక్కు చుట్టూ చేరినవాళ్ళంతా నమ్మారు. చర్చిలో ఎలోయ్ తల్లి పక్కన కూర్చునేవాళ్ళే లేకపోయారు. బెనీటా కడుపులో నిప్పు ఆనాటిది. అన్న మీద పూసిన మసి తుడిచి ఈయన మొహానికి పుయ్యాలి. అంతవరకూ ఆమెకి నిద్ర లేదు.

వేలెడేసి రాతిముక్కలు నాలుగు తీసి, కొండమీద ఉన్న వరసలోనే గుండ్రంగా పేర్చింది. మధ్యలో ఉప్పుడబ్బా పెట్టింది.

"ఈ డబ్బా ఉన్నచోట ఓ పాత డ్రిల్లు బెజ్జం ఉంది సార్. దాని చుట్టూ తీసినవి ఇవి."

"చేతులకి నూనె రాసుకోమ్మా, గిన్నె బాగా మాడింది" అన్నాడు స్ట్రాండ్.

దిక్సూచి తీసి ఒక్కో రాయి దగ్గరా పట్టాడు. ముల్లు ఉత్తరం మరిచిపోయి, గానుగెద్దులా డబ్బా చుట్టూ తిరిగింది. ఆయన పగలబడి నవ్వాడు.

"ఇది లావానాటి గుర్తు కాదర్రా, అదైతే అన్నీ ఒకే దిక్కు చూపాలి! కరెంటు దిగిన చోటు చుట్టూనే ముల్లు ఇలా తిరుగుతుంది. పిడుగు!"

"పిడుగు ఏ కొండమీదైనా పడుతుంది. అందులో వింతేముంది?" రెచ్చగొట్టింది బెనీటా.

"వింతేముందా? సరిగ్గా బెజ్జంలోంచే దిగింది చూడు. ఉత్త బెజ్జంలోకి ఎందుకు దిగుతుంది? ఇనుముండాలి. డ్రిల్లు లోపల ఉండగానే పడింది!"

"అంటే అప్పుడు మనిషి పనిలోనే ఉన్నాడంటారా?"

"లేకపోతే డ్రిల్లు దానంతటది నిలబడుతుందా? పట్టుకునే ఉన్నాడు పాపం. మబ్బేస్తే కిందికి దిగాలని పసిపిల్లలకీ తెలుసు. ఉరుముల్లో వాణ్ణి పైనే ఉంచి పని చేయించిన వెధవెవడో, వాణ్ణి జైల్లో తొయ్యాలి."

"ప్రమాణం చేసి చెబుతారా?"

"ఏ కోర్టులోనైనా!"

అందరూ చప్పట్లు కొట్టారు. స్ట్రాండ్ గడ్డం ఎగరేశాడు.

"గెలిచాను. ఇంక చెప్పు, ఎక్కడి రాయి?"

బెనీటా చెయ్యెత్తి ఎదురుగా ఉన్న కొండకొమ్ము చూపించింది.

"పిడుగుపాటుకి చచ్చిపోయిన మా అన్నయ్య ఎలోయ్, ఏ రోజు తాగి చెట్టుకింద పడుకున్నాడని మీరు ప్రమాణం చేశారో ఆ రోజే, పక్కన తన నంబరు రాసి తవ్విన ఆఖరి బెజ్జం సార్ అది."