మాణిక్యం నడుంనొప్పి

ఊరేగింపు సరిగ్గా గాంధీబొమ్మ సెంటర్లో ఆగిపోయింది.

బ్యాండువాళ్లు వాయిస్తూనే ఉన్నారు. గుర్రం మీద పెళ్లికొడుకు చెమటలు కక్కుతున్నాడు. మాణిక్యం మాత్రం కదలదే! తెల్లటి ఆడగుర్రం. పన్నెండేళ్లుగా భీమవరం చుట్టుపక్కల రాజుల ఇళ్లలో పెళ్లంటే అదే రావాలి. ముందు బుల్లియ్య కళ్లెం పట్టుకుని నడిస్తేనే అది నడుస్తుంది. అతను ఎంత వేగమైతే అదీ అంతే. ఇంకెవరు పట్టుకున్నా గోడే. "నువ్వు మంచాన పడ్డ రోజున దీన్నీ అమ్మెయ్యాల్సిందేరా" అని గుర్రం యజమాని సూర్యరాజుగారు ఎప్పుడూ నవ్వేవారు.

ఇప్పుడాయన నవ్వట్లేదు. జనాన్ని తోసుకుంటూ వచ్చారు.

"ఏంట్రా బుల్లియ్యా, నలుగుర్లో పరువు తీస్తున్నావ్?"

బుల్లియ్య గుర్రం మెడని కావలించుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మాణిక్యానికి నడుం పట్టేసిందండి" అన్నాడు.

అంతే, ఇరుక్కుపోయాడు.

మర్నాడు పొద్దున్నే రాజుగారు తేల్చి చెప్పేశారు. "నడవని గుర్రాన్ని మేపడం నా వల్ల కాదు. మాఘమాసం ముహూర్తాలకి బాగుపడిందా సరే. లేదంటే సంతకి తోలేస్తా."

సంతలో వయసు మళ్లిన గుర్రాన్ని కొనేది ఎవరో బుల్లియ్యకి తెలుసు. ఇటుకబట్టీల వాళ్లు. బండికి కట్టి చచ్చేదాకా లాగిస్తారు. ఆలీ లేదు, బిడ్డలూ లేరు అతనికి. ఉన్నదల్లా మాణిక్యం, దాని పాకలో ఓ మూల నులకమంచం. ఆ రోజంతా అన్నం సయించలేదు.

రాజుగారి మేనల్లుడు ఫణీంద్ర బెంగుళూర్లో రేసుగుర్రాలు చూసుకుంటాడు. ఎస్టీడీ ఫోన్లో సంగతి విని, పార్సిల్లో ఓ దుప్పటి పంపించాడు. లోపలివైపు వెండిరంగులో తళతళలాడుతోంది.

"ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదట. తిరిగి ఒంటికే కొడుతుందట. కీళ్లవాతం, నడుంనొప్పి మాయమట" అన్నారు రాజుగారు దాన్ని నిమురుతూ. "నాకు నొప్పొస్తే ఎవడూ ఇంత చెయ్యడు! ఒరేయ్, జాగ్రత్త. బాగవగానే తిరిగి పంపెయ్యాలి. అక్కడ ఇంకో గుర్రానికి కావాలట."

"ఆయ్" అన్నాడు బుల్లియ్య.

పశువుల డాక్టరు ప్రసన్నకుమార్ గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆయన మాణిక్యం కాళ్లు వంచి చూశారు. వీపంతా నొక్కి చూశారు. అది తాపీగా గడ్డి నములుతూనే ఉంది.

"పైకేం తెలియట్లేదు. ఈ వయసుకి కీళ్లు అరగడం మామూలే. ఏదీ, కాస్త నడిపించు."

బుల్లియ్య కళ్లెం పట్టుకుని నడిచాడు. వెనకాలే మాణిక్యం, నాలుగడుగులకోసారి ఆగుతూ.

"నడక మందంగానే ఉంది. మరి దుప్పటితో తగ్గుతుందో లేదో నాకైతే తెలీదు. కప్పి చూడండి" అన్నారాయన.

ఆ తర్వాత వారం వారం వచ్చి అడిగేవారు.

"ఎలా ఉందోయ్?"

"పొద్దున్న లేచి మొదటి నాలుగడుగులు వేసేసరికి ప్రాణం పోయేదండి. ఇప్పుడు ఎండెక్కకుండానే లేస్తున్నామండి."

"కాలవగట్టు దిగేటప్పుడో?"

"అక్కడ ఇంకా కలుక్కుమంటోందండి. ముందంత లేదులెండి."

"గుర్రం నీ చెవిలో చెబుతుందేంటయ్యా!" డాక్టరుగారు పకపకా నవ్వేవారు. బుల్లియ్యకి నవ్వు వచ్చేది కాదు. బాగైందంటే దుప్పటి బెంగుళూరు పోతుంది. బాగవలేదంటే మాణిక్యం సంతకి పోతుంది. ఎటు కదిలినా చిక్కే. "ఇంకో వారం చూద్దామండి" అంటూ మాఘం దాకా లాక్కొచ్చాడు. ఇక లాగడానికి వారాలు మిగల్లేదు.

ఆఖరి రోజు పొద్దున్నే రాజుగారూ డాక్టరుగారూ జీపులో దిగారు. బుల్లియ్య కళ్లెం పట్టుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని బయల్దేరాడు. కాలవగట్టు దిగాడు, ఎక్కాడు. వచ్చేటప్పుడు ఏకంగా పరుగందుకున్నాడు. వెనకాల మాణిక్యం జూలు ఎగరేసుకుంటూ, పెళ్లినాటి ఠీవితో!

రాజుగారు చప్పట్లు కొట్టారు. "అమ్మనురా! దీన్ని చచ్చినా అమ్మను!"

డాక్టరుగారు దుప్పటి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒప్పుకోవాల్సిందే. అన్నట్టు, రెండు నెలలు వాడినా ఒక్క వెంట్రుకైనా అంటలేదే?"

"రోజూ దులుపుతానండి."

"మడిచి జీపులో పెట్టరా. ఇవాళే పార్సిల్ చేసేస్తా" అన్నారు రాజుగారు. "రేపు ఆకివీడు ఊరేగింపు. వరసగా ఆరు పెళ్లిళ్లు ఒప్పుకున్నా."

"ఇంకో నెల ఉంచుదామండి..."

"ఎందుకురా? బాగైపోయిందిగా! ఏడుస్తావేంటి పిచ్చోడా?"

"మాణిక్యం ఉండిపోయిందన్న సంతోషమండి" అన్నాడు బుల్లియ్య. అదీ అబద్ధం కాదు.

జీపు మలుపు తిరిగేదాకా గుర్రం మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. అది అతని భుజం మీద మూతి ఆనించింది.

అప్పుడు, రెండు నెలలుగా ఆ దుప్పటి చుట్టుకుని పడుకున్న తన నడుముని రెండు చేతులా పట్టుకుని, ఏనాడూ ఏ నొప్పీ ఎరగని గుర్రం కాళ్ల దగ్గర బుల్లియ్య కూలబడిపోయాడు.