డ్యూటీ బూట్లు

"రెండు కళ్ళకీ శుక్లాలే ఆంటీ. ఆపరేషన్ చేస్తే కాలూకి చూపొస్తుంది," అంది సుపేలాలోని పశువుల కంటి డాక్టరు భాగ్యరేఖ, కుక్క కంట్లోకి వేసిన లైటు ఆర్పుతూ.

పోలమ్మ తన కుక్క కాలూ మెడ నిమిరింది. "వద్దు బేటీ. నొప్పెట్టకండా చుక్కల మందియ్యి, సాలు."

"భయమేం లేదు. మళ్ళీ మిమ్మల్ని కళ్ళారా చూస్తుంది."

"అందుకే వద్దంతన్నాను."

భాగ్యరేఖకి ఒళ్ళు మండింది. "నోరులేని జీవాన్ని చీకట్లో ఉంచేస్తారా? ఏటాంటీ ఇది?"

కుక్క వింటుందేమో అన్నట్టు పోలమ్మ గొంతు తగ్గించింది. "మా ఇంటాయన పోయేటప్పటికే దీనికి సూపు లేదు. డ్యూటీ నుంచి ఆయనొస్తారని క్వార్టర్ గేటుకాడే కూకుండేది. అన్నం ముట్టలేదు. ఓ సాయంత్రం ఆయన స్టీలు ప్లాంటు బూట్లు తొడుక్కుని, నోరిప్పకండా గేటు తీసినాను. తోకూపుకుంటా ఎదురొచ్చి నా సేతిలో అన్నం తినీసింది. అప్పుట్నించి రోజూ అంతే. సూపొస్తే, ఆయన పోనారని దీనికి తెలిసిపోతాది. ఆయనింకా డ్యూటీ దిగి ఇంటికొస్తన్నది దీని ఒక్కదానికే గదమ్మా."

సంచిలోంచి ఆ బూట్లు తీసి తొడుక్కుని, మాట్లాడకుండా గుమ్మం వైపు నడిచింది. బరువైన చప్పుడు వినగానే కాలూ లేచి, తోక ఊపుకుంటూ ఆమె వెనకే వెళ్ళింది.

భాగ్యరేఖ మందు సీసాతో గుమ్మందాకా వచ్చింది. కుక్క మనిషిని పోల్చుకునేది వాసనతోనని, ఆ బూట్లలో ఎవరున్నారో కాలూకి మొదటిరోజు నుంచీ తెలుసునని చెప్పబోయింది.

సీసా పోలమ్మ చేతిలో పెట్టి, "పొద్దునా సాయంత్రం వెయ్యండి ఆంటీ," అంది.