ఊరికే పెట్టిన బిస్కెట్లు

ఆగస్టు తొమ్మిది. ఆ తేదీ క్వారీ కాలనీలో పిల్లాపెద్దా అందరికీ గుర్తే. రెండేళ్ల కిందట ఆ రోజు మధ్యాహ్నం నర్సమ్మ ఒకవైపు మాడిన బ్రెడ్డు, రెండు గుడ్ల ఆమ్లెట్టు తిని, చేతులు కడుక్కుని, ఆస్పత్రికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక క్రీమ్ బిస్కెట్ పెట్టింది. షుగర్ ఉన్నవాళ్లకి సగం.

ఏమిటి విశేషమని అడిగితే, "ఊరికే" అంది.

ఊరికే ఎవరు బిస్కెట్లు పెడతారు? పుట్టినరోజే అయ్యుంటుందని కాలనీ తేల్చేసింది. ఆమె ఉద్యోగంలో చేరడానికి మొదటిసారి బస్సు దిగిందీ ఆ తేదీనే. పుట్టినరోజు పూట ముక్కూమొహం తెలియని చోటికి వచ్చిందా పిల్ల అని ఆమె అద్దెకుండే ఇంటి పెద్దమ్మ ఆలస్యంగానైనా కళ్లొత్తుకుంది. నర్సమ్మ అవుననలేదు, కాదనలేదు. మరుసటి ఏడాది కేకు తెచ్చి కోయమంటే కోసింది.

ఈ ఏడాది మాత్రం ఆ తేదీ దగ్గరపడేకొద్దీ కాలనీకి కంటిమీద కునుకు లేదు.

నర్సమ్మ సర్కారు స్కాలర్‌షిప్ మీద నర్సింగు చదువుకుంది. ఫీజులు, హాస్టలు అన్నీ సర్కారే కట్టింది. బదులుగా, ఎవరూ వెళ్లని చోట కొన్నేళ్లు పనిచేస్తానని ఆమె బాండు రాసిచ్చింది. అంతకుముందు ఇలాగే వచ్చిన డాక్టరుగారిది ఐదేళ్ల బాండు. అది తీరిన పూటే ఆయన ఆస్పత్రి తలుపు దబ్బున వేసి, సామాను కుక్కిన బకెట్టు చేత్తో పట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కేశాడు. మళ్లీ ఆ తలుపు తెరిచింది నర్సమ్మే. ఆ మధ్యలో ఆయాసమొచ్చినా, నొప్పులొచ్చినా కాలనీకి రాళ్ల లారీయే దిక్కు. పెద్దమ్మ మొదటి మనవడు పుట్టింది ఆ లారీలోనే.

నర్సమ్మ వచ్చి ఈ ఆగస్టు తొమ్మిదికి ఐదేళ్లు.

టీకొట్టు దగ్గర మీటింగు పెట్టారు. అధ్యక్షుడు క్వారీ మేస్త్రీ. ఆయన్ని అందరూ సుత్తి బాబాయ్ అంటారు. సుత్తి చేతిలో ఉన్నందుకో, నోట్లో ఉన్నందుకో ఎవరూ తేల్చలేదు. పెళ్లి చేసి ఇక్కడే కట్టిపడేద్దామన్నారు ఒకరు. బస్సు టైర్లలో గాలి తీసేద్దామన్నారు ఇంకొకరు. బస్సు డ్రైవరు అక్కడే కూర్చుని టీ తాగుతుండడంతో ఆ ఆలోచన వీగిపోయింది. చివరికి పెద్దమ్మే ఒక దారి చెప్పింది.

"ఆ పిల్లకి కానుకలొద్దు, పెళ్లొద్దు. అది చెప్పిన మాట మనం వింటే చాలు. వినేద్దాం."

అంతే, కాలనీ కాలనీ బుద్ధిమంతులైపోయింది.

నాలుగేళ్లుగా బీపీ మాత్రలు కిటికీలోంచి పారేస్తున్న సుత్తి బాబాయ్, ఆస్పత్రి గుమ్మంలో నిలబడి నర్సమ్మ చూస్తుండగా మాత్ర మింగి, నాలుక ఎత్తి మరీ చూపించాడు. డ్రైవరు సిగరెట్ పెట్టె తెచ్చి బల్లమీద పెట్టి దండం పెట్టాడు. సాయంత్రం తిరిగొచ్చి ఒక్కటంటే ఒక్కటి అడిగాడు. లేదనిపించుకుని, మళ్లీ దండం పెట్టి వెళ్లాడు. రాళ్లు కొట్టేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా సుత్తి ఎత్తడం మానేశారు. టీకాలంటే అటకెక్కి కూర్చునే పిల్లలు వరసగా నిలబడి పొడిపించుకుని, "థాంక్యూ అక్కా" అన్నారు, ఏడుస్తూనే.

భార్య పోయినప్పటి నుంచి టీ, బన్నుతో పూట గడుపుతున్న దర్జీ, రెండు పూటలా వండుకుంటున్నానంటూ సాక్ష్యానికి గిన్నె పట్టుకొచ్చాడు. నర్సమ్మ ఒక చెంచా నోట్లో వేసుకుని ఉప్పు కాస్త తగ్గించమంది. తన వంటకి ఇన్నాళ్లకి ఒకరు వంక పెట్టారని ఆయన పొంగిపోయాడు.

నర్సమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. నవ్వు ఆగనప్పుడల్లా మందుల బీరువా వైపు తిరిగి నిలబడేది.

తొమ్మిదో తేదీ సాయంత్రం ఆస్పత్రి వసారాలో కేకు కోశారు. ఎవరి ముక్క వాళ్ల చేతిలోనే ఉంది. గంటకు తక్కువ మాట్లాడని సుత్తి బాబాయ్ ఆ రోజు ఒక్క ముక్కే అడిగాడు.

"ఉంటావా అమ్మా, వెళ్తావా?"

నర్సమ్మ పళ్లెం కింద పెట్టింది. "నీ బీపీ ఎంత బాబాయ్?"

"నూట ముప్పై, ఎనభై. పొద్దున నువ్వే చూశావుగా."

"వచ్చే నెల కూడా అంతే ఉంటుందా?"

"ఉంటుంది. నా మీదొట్టు."

"నీ మీద నీకెక్కడ భయముంది. పెద్దమ్మ మీద వెయ్యి."

ఆయన బిక్కుబిక్కుమంటూ పెద్దమ్మ వైపు చూశాడు.

"వెయ్యరా, వెయ్యి," అంది పెద్దమ్మ. "నువ్వు మాత్ర మానేసిన రోజున నేను పోతాను. పోయి ఊరుకోను, నీ కలలోకి వస్తాను."

ఒట్టు పడింది.

"సరే, ఈ ఏడాదికి ఉంటాను," అంది నర్సమ్మ. "వచ్చే ఏడాది మళ్లీ అడగండి."

డ్రైవరు పరుగెత్తి బస్సు హారన్ మోగించాడు. దర్జీ, సుత్తి బాబాయ్ ఒకరి చేతులొకరు పట్టుకుని గెంతారు. బీపీ పెరిగిపోతుంది ఆగండ్రా అని కేకలేసిన పెద్దమ్మ, ఎవరూ చూడటం లేదనుకుని తనూ రెండు గెంతులు వేసింది. లోపలి గదిలో పెద్దమ్మకి పొద్దుననే పుట్టిన మనవరాలు నిద్రపోతోందని నర్సమ్మ వేలు పెదవుల మీద పెట్టగానే, అంత సంబరమూ గుసగుసల్లోకి దిగి, అలాగే మునివేళ్ల మీద నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లింది.

పసిపిల్ల నిద్ర చెదరకుండా నర్సమ్మ ఆస్పత్రి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఆమె బాండు మూడేళ్లదే. అది తీరిపోయిన రోజునే ఆ బిస్కెట్లు పంచింది.