ఒక్కసారి నవ్వు

“ఒక్కసారి నవ్వు వసూ, అయిపోతుంది” అన్నాడు రాజారావు, ఫోను భార్య మొహమ్మీదికి పెట్టి.

“నవ్వను” అంది వసుంధర. “పెట్రోలు బంకు వాళ్లు బాత్రూమ్‌కి తాళం వేసేశారు. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాను. ఏం చూసి నవ్వమంటారు?”

శంషాబాద్ హైవే పక్కన, ఛాయ్ బండి వెనకాల ఆగి ఉంది వాళ్ల వ్యాన్. ఇల్లూ అదే, వాకిలీ అదే. రిటైరయ్యాక ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మి, వచ్చిందంతా దీనికే పెట్టేశాడు రాజారావు. దేశమంతా తిప్పుతానన్నాడు. బండి చెడిపోయి, ఆయన హుషారు కూడా చెడిపోయి, చివరికి ఇక్కడ తేలారు. లోపల నిటారుగా నిలబడితే తల కొట్టుకుంటుంది. రాత్రి ఒకరు పక్కకి తిరగాలంటే రెండోవాళ్లు లేచి కూర్చోవాలి. నెత్తిమీంచి విమానం పోయినప్పుడల్లా గిన్నెలన్నీ గలగలమంటాయి. రాజారావు పెట్టే వీడియోల్లో మాత్రం వసుంధర రోజూ నవ్వుతూనే ఉంటుంది. నవ్వీ నవ్వీ ఆవిడకి దవడలు నొప్పి పుట్టాయి.

“సాహితికి ఫోన్ చేస్తాను. ఒక గది ఇమ్మని అడుగుతాను” అంది.

“కూతురి దగ్గర పరువు తీస్తావా? మన వీడియోలు చూసి అదెంత మురిసిపోతోందో నీకు తెలీదా?”

“పరువుతో స్నానం చేయలేనండీ.”

ఆ మాట అంటూనే ఏడ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఇక తన బతుకింతే, ఈ రేకు డబ్బాలోనే ఉడికి ఉడికి పోతాను అనిపించింది. ఆ ఏడుపు విని ఛాయ్ బండి రుక్కమ్మ గ్లాసులు కడగడం ఆపి వచ్చింది.

“ఏందన్నా, అక్కను గిట్ల ఏడిపిస్తున్నవ్? గీ ఎండల గా డబ్బల కూసుంటే మనిషి బతుకుతదా? మీ బిడ్డ మైలార్‌దేవ్‌పల్లిలనే ఉంటదని అక్కనే చెప్పింది. ఇగ జర ఆడికి తోల్కపో.”

రాజారావు ఫోను దించాడు.

“చెయ్యి” అన్నాడు చివరికి. “నా నడుమూ పడిపోయింది వసూ. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు.”

వసుంధర నంబరు నొక్కింది. నోరు తెరవకముందే అవతల్నుంచి సాహితి అందుకుంది.

“అమ్మా, నేనే చేద్దామనుకుంటున్నా. లలిత్, నేనూ మీ దగ్గరికే బయల్దేరుతున్నాం. సాయంత్రానికల్లా అక్కడుంటాం. ఎక్కడికీ వెళ్లిపోకండి, సరేనా?” అని పెట్టేసింది.

కన్నకూతురు కదా, చెప్పకుండానే కనిపెట్టేసింది అనుకుంది వసుంధర. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. చీరలు, మందులు, దేవుడి పటం సంచిలో సర్దుకుంది. మూడో అంతస్తులో కూతురి ఫ్లాటు కళ్లముందు మెదిలింది. ఆ వెనక గది, గడియ పెట్టుకుని ఎంతసేపైనా ఉండగలిగే ఆ బాత్రూమ్. ఇక భయమెందుకని రుక్కమ్మ ఇచ్చిన నీళ్లు గ్లాసు నిండా తాగింది.

ఎండ వాలుతుండగా పెద్ద తెల్ల వ్యాన్ ఒకటి వచ్చి పక్కనే ఆగింది. స్టీరింగ్ ముందు అల్లుడు లలిత్ ఉన్నాడు.

“పాపం, మన సామాన్ల కోసం బండి కూడా మాట్లాడుకొచ్చారు” అన్నాడు రాజారావు, కళ్లు తుడుచుకుంటూ.

సాహితి వ్యాన్ దిగి పరుగున వచ్చింది. సంచి పట్టుకుని నిలబడ్డ తల్లి మొహమ్మీదికి ఫోను పెట్టింది.

“ఏదీ, ఒక్కసారి నవ్వమ్మా” అంది. “ఆ నవ్వు చూసే మేమూ ఫ్లాట్ అమ్మేశాం.”