తలో పోటు

"ఎవర్ని వేసేయబోతున్నారయ్యా?" అంది భార్య. కబేళా కత్తులన్నిటికీ సాన పట్టేది ఆమే. సెలవురోజున అందరి కత్తులూ ఒక్కసారే ఇంటికి తెచ్చాడు భర్త.

అతను కత్తుల్ని ఆమె ముందుకు తోశాడు. ఆమె ఓ కత్తి తీసి తన తొడలోనే దించుకుంది. "అరిచానా? ఇప్పుడైనా నమ్ముతావా నన్ను?"

అతను చెప్పేశాడు. "రేపు యజమానిని తలో పోటూ పొడుస్తాం. ఎవరి పోటుకు చచ్చాడో ఎవరికీ తెలీదు."

"మన పెళ్లి దగ్గరుండి చేసినాయన్నా?"

"ఆయనకు ఎదురుచెప్పిన వాడల్లా మాయమైపోతున్నాడే!"

ఆమె తొడకు గుడ్డ కట్టుకుని సానరాయి ముందు కూర్చుంది.

ఆమె సాన పట్టి ఒరలో పెట్టిన కత్తిని ఎవరూ తీసి చూసుకోరు. మర్నాడు కబేళాలో అందరూ ఒక్కసారిగా యజమాని మీద పడ్డారు. భర్త కళ్లు మూసుకుని పొడిచాడు. యజమాని కట్టుకున్న తోలు ఏప్రన్ చీలి, వేడి నెత్తురు అతని మోచేతిదాకా చిమ్మింది. కళ్లు తెరిచేసరికి యజమాని తన కాళ్ల దగ్గర కొట్టుకుంటున్నాడు. మిగతావాళ్లు తమ కత్తులకేసి వెర్రిగా చూస్తున్నారు. ఒక్కదానికీ నెత్తురంటలేదు.

ఇంటికి పరుగెత్తాడు. "అందరివీ మొద్దుచేసి నాదొక్కటే ఎందుకు వదిలేశావే?"

ఆమె అతని చేతినే చూస్తూ అంది.

"నువ్వు పొడవవనుకున్నాను."