రిమార్కుల గడి

“ఇంకో ముక్క వెయ్యనా?” అంది హెలెన్, గరిటె పట్టుకుని.

“వెయ్యి,” అన్నాడు సొలొమోను కంచంలోంచి తలెత్తకుండా. ఎడమ చేతిలో ఫోనుంది. “ఎల్సా మేడం ఇంకాసేపట్లో సీట్లోకి వచ్చేస్తారు.”

హెలెన్ కొర్రమీను పులుసు గిన్నె వంచి వేసింది. ఊరంతా వినాయక చవితి సెలవు. వీధి చివర పందిట్లో మైకు మోగుతోంది.

“ఆవిడ సీట్లోకొచ్చే టైము కూడా మీకు తెలుసన్నమాట.”

“మనకి పన్నెండున్నరైతే డెన్మార్కులో తొమ్మిది. అందరికీ తెలిసిందేగా!”

సొలొమోను పటమటలో ఒక ఎగుమతి కంపెనీలో బిల్లులు చూస్తాడు. చల్లపల్లి దగ్గర వాళ్ళ షెడ్డులో తయారయ్యే కొబ్బరిపీచు డోర్‌మ్యాట్లను డెన్మార్కులో ఒక మునిసిపాలిటీ తన స్కూళ్ళ కోసం కొంటుంది. అక్కడివాళ్ళు కాగితం బిల్లు ముట్టరు, మెయిల్లో పంపినా చూడరు. దేశదేశాల కంపెనీలనూ సర్కారు ఆఫీసులనూ కలిపే నెట్‌వర్కు ఒకటుంది. బిల్లు దాంట్లోంచే వెళ్ళాలి, జవాబు దాంట్లోంచే రావాలి. అటువైపు బిల్లు సరిచూసి పచ్చ గుర్తో ఎర్ర గుర్తో పెట్టే మనిషి ఎల్సా. గుర్తు కింద రిమార్కులకి ఒక చిన్న గడి ఉంటుంది. గొడవంతా ఆ గడిలోనే మొదలైంది.

మొదటిసారి ఎర్ర గుర్తు వచ్చింది. ‘ఎన్ని మ్యాట్లో కాదు, ఎన్ని చదరపు మీటర్లో రాయండి. శుభదినం. ఎల్సా’ అని కింద ఉంది. సొలొమోను ‘క్షమించండి మేడం’ దగ్గర ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ‘మీ పేరు చాలా బాగుంది’ అని కూడా రాశాడు. లెక్క మళ్ళీ తప్పింది. మళ్ళీ ఎర్ర గుర్తు, మళ్ళీ ఒక పలకరింపు. మొన్న మూడోసారి బిల్లు తిరిగొచ్చాక ‘మీ దేశంలో చలి ఎక్కువంటారు, ఆరోగ్యం జాగ్రత్త’ అని రాశాడు.

“ఆరోగ్యం జాగ్రత్తట!” అంది హెలెన్ గిన్నె ఠక్కున పెట్టి. “పోయిన నెల నేను జ్వరంతో పడుంటే ఆ మాట మీ నోటెంట రాలేదే!”

సొలొమోను ఉలిక్కిపడ్డాడు. “నీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పార్లెండి.”

జాన్సన్ గాడి పనే, అనుకున్నాడు సొలొమోను. పక్క సీటు జాన్సన్ వాళ్ళావిడ డయానాకి చెప్పడం, డయానా చర్చిలో హెలెన్ చెవిన వెయ్యడం అయ్యే పనే. అసలు ఈ ముక్క జాన్సన్‌కి తాను చెప్పాడో లేదో మాత్రం గుర్తు రాలేదు. పైగా వాడికి డెన్మార్కు పని మీద కన్నుంది. ఈరోజు కూడా పచ్చ గుర్తు పడకపోతే ఆ పని జాన్సన్‌కి ఇచ్చేస్తానని ఎండీ గారు మొహం మీదే అన్నారు. అందుకే సెలవైనా లాప్‌టాప్ ఇంటికి మోసుకొచ్చాడు.

“మూడుసార్లు లెక్క తప్పడమేంటండీ? ఆవిడ జవాబు కోసం కావాలనే తప్పులు పెడుతున్నారా?”

“ఛ! ఆవిడకెంత ఓపికో తెలుసా? ఎంత తెలివి, ఎంత మర్యాద!”

హెలెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆమెది లోపల దాచుకునే కుళ్ళు కాదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నీ పేరు బాగుందని ఈ మనిషి ఒక్కసారి అనలేదు. తనూ వెనక గదిలో కూర్చుని ఏదో కంపెనీకి కంప్యూటర్ పని చేస్తుంది. ఏం పని చేస్తున్నావని ఒక్కరోజు అడగలేదు. ఎల్సాకి మాత్రం ఓపికట, తెలివట!

“ఆ పేరు ఆవిడదేనంటారా?”

“పేరు కూడా ఎవరైనా అబద్ధం చెప్తారా?”

“పోనీ, మీకు పెళ్ళయిందని ఆవిడకి చెప్పారా?”

“బిల్లులో దానికి గడి లేదే!”

“ఆరోగ్యం జాగ్రత్తకి ఉందా గడి? పొరుగింటి పుల్లకూర రుచంటారు. మీకు ఏకంగా పొరుగు దేశానిది కావాల్సొచ్చింది.”

సొలొమోను నవ్వుతూ లేచి చెయ్యి కడుక్కున్నాడు. “మొహం కూడా తెలియని మనిషి మీద నీకింత కుళ్ళేంటే?”

“మీరు చూశారా ఆవిణ్ణి?”

“నేనెక్కడ చూశాను!”

“అదే నా ఏడుపు,” అంది హెలెన్.

బల్ల మీద రెండో కంచం బోర్లించినట్టే ఉంది. ఆమె దాన్నోసారి చూసి, గడియారం చూసింది. “నాకూ డ్యూటీ టైమైంది. మా కంపెనీకి మన పండగలు లేవు.”

“ఊఁ,” అన్నాడు సొలొమోను, అప్పటికే లాప్‌టాప్ తెరుస్తూ. వెనక గది తలుపు గట్టిగా పడింది.

ఈసారి చదరపు మీటర్లు రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఆఖర్న రిమార్కుల గడి దగ్గర చెయ్యి ఆగలేదు. ‘అంతా సరిచేశాను మేడం. భోంచేశారా?’ అని రాశాడు. పొద్దున తొమ్మిదింటికి అక్కడ ఎవరు భోంచేస్తారని అనిపించింది గానీ, పలకరింపుకి టైమేంటి అనుకుని పంపేశాడు.

ఎర్ర గుర్తు పడితే రేపు జాన్సన్ గాడి మొహం ఎలా చూడాలి? తెర మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చున్నాడు.

పచ్చ గుర్తు పడింది.

“స్తోత్రం!” అని అరిచాడు. “హెలెన్! మేడం ఒప్పుకున్నారు! చూశావా ఆవిడ మంచితనం!”

వెనక గదిలోంచి కీబోర్డు టకటక మాత్రం వినిపించింది. కుళ్ళుబోతు మొహం అనుకుంటూ, నవ్వుకుంటూ, ఎల్సా జవాబు చదవడానికి రిమార్కుల గడి తెరిచాడు.

‘ఇంకా లేదండీ, ముక్కలన్నీ మీరే తినేశారుగా.’